హాల్లో ఆట, మంచం మీద చేతులు

నాకు తగ్గిందని తెలిసిన దగ్గర్నుంచీ మా ఇంటికి జనం రావడం మానలేదు. ఐ.పోలవరం నుంచి ఒకావిడ, కొత్తపేట నుంచి ఒక మేష్టారూ వాళ్ళావిడా, మొన్నటికి మొన్న అమలాపురం నుంచి ఒకాయన ఆటో కట్టించుకుని మరీ వచ్చేరు. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏం మందు వాడేరు టీచరుగారూ?"

మందు సంగతి నాకేం తెలుసండీ! మింగమన్నారు, మింగేను. ఆ మందు మీకు పడుతుందో లేదో మీ డాక్టరుగారు చెప్పాలి. నాకు తెలిసింది వేరే ఉంది. అదేమో రెండు ముక్కల్లో చెప్తే నవ్వుతున్నారు, "వీడియో గేమేంటండీ, మధ్యలో అత్తగారేంటండీ" అని. అందుకని కూర్చుని మొదట్నుంచీ రాస్తున్నాను. నా చేత్తో నేనే రాస్తున్నాను, అది కూడా గమనించండి.

మాది మురమళ్ళ. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. మా ఆయన ప్రభాకర్ ఊళ్ళో కేబుల్ టీవీ నడుపుతారు. మా అత్తగారు శాంతమ్మగారికి డెబ్బై దాటేయి. ఆదివారం చర్చికి పాస్టరుగారి కంటే ముందు చేరే మనిషి. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ముగ్గురమే.

బడి తెరిచిన వారం, 2008

పదో తరగతిలో నా గుండె బొమ్మకి పేరుంది. సుద్దముక్క ఎత్తకుండా ఒక్క గీతలో గుండె గీసేస్తాను. పాత పిల్లలు బస్సులో కనిపిస్తే "మీ గుండె ఇంకా గుర్తుందండీ" అంటారు, పక్క సీట్లోవాళ్ళు తలతిప్పి చూస్తారు. ఆ రోజు గీత సగంలో ఉండగా సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. తీసుకున్నాను. మళ్ళీ జారింది. పిల్లలు నవ్వేరు, నేనూ నవ్వేను.

భయం కంటే ముందు నాకు వింతగా అనిపించింది. ఏదైనా తేడా చేస్తే దాన్ని చూస్తూ కూర్చోవడం నాకు అలవాటు. అరికాళ్ళకి ఎప్పుడూ ఇసక అంటుకుని ఉన్నట్టుండేది, కడుక్కున్నా పోయేది కాదు. చెప్పు ఊడిపోయి గుమ్మంలో ఉండిపోతే నాకు తెలిసేది కాదు, వీధిలో ఎవరో పిలిచి చెప్పాలి. కళ్ళు తెరిచి నిలబడితే బాగానే ఉన్నాను, మూసుకుంటే పడిపోతున్నాను. ఎందుకబ్బా అని మంచం పక్కన నిలబడి మళ్ళీ మళ్ళీ మూసి చూసుకున్నాను. మా అత్తగారు చూసి, "చాల్లే అమ్మాయ్ వేషాలు, నడుం విరుగుద్ది" అన్నారు.

తరవాత ఒక ఆదివారం ప్రార్థనకి మోకరించి, మళ్ళీ లేవలేకపోయేను. ఆమెన్ అని అందరూ లేచేరు. నేనొక్కదాన్నీ అలాగే ఉంటే, పాపం పాస్టరుగారు నేనేదో గట్టి భక్తిలో ఉన్నాననుకుని ఇంకో ప్రార్థన ఎత్తుకున్నారు. మా అత్తగారు ఒక కన్ను తెరిచి నా మొహం చూసేరు. "ఒరే ప్రభా, భక్తి కాదురా! దానికి కాళ్ళు రావట్లేదురా!" అని చర్చంతా వినబడేలా కేకేసేరు. మా ఆయన వచ్చి నన్ను రెండు చేతులతో ఎత్తేరు. అప్పుడు భయమేసింది. బాగా వేసింది.

కాకినాడ తీసుకెళ్ళేరు. ఎదుర్లంక వంతెన మీద కారు వెళ్తుంటే కింద గోదారి నిండుగా ఉంది, నేను నా వేళ్ళనే చూసుకుంటున్నాను. ఆస్పత్రిలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ మా ఆయన గోడ మీద టీవీకేసి చూసి, "గ్రెయిన్స్ వస్తున్నాయి, బొమ్మంతా చుక్కలే, కనెక్టరు మార్చాలి" అని గొణుక్కున్నారు. ఆయనకి భయమేస్తే ఎవరింటి టీవీకైనా రిపేరు చెప్తారు. నా పక్క కుర్చీలో యానాం నుంచి వచ్చినావిడ ఉంది, కొడుక్కి ఏదో మూర్ఛ జబ్బు. నా జుట్టు విడిపోతే ముడేసుకోడానికి చేతులు ఎత్తుతున్నాను, ఎత్తలేకపోతున్నాను. ఆవిడ ఏమీ అడక్కుండా నా వెనక్కి వచ్చి నిలబడి, జడ అల్లి, తన జుట్టుకున్న రబ్బరు బ్యాండు తీసి పెట్టేసింది. "ఉంచుకోండి, నాకింటి దగ్గర ఉన్నాయి" అంది. పేరు కూడా అడగలేదు నేను.

పెద్ద డాక్టరుగారు మెత్తటి మనిషి. చిన్న సుత్తితో నా మోకాళ్ళ మీద కొట్టి చూసేరు, కాలు ఉలకలేదు పలకలేదు. పరీక్షలన్నీ అయ్యేక కూర్చోబెట్టి చెప్పేరు.

"నరం కరెంటు తీగ లాంటిదమ్మా. తీగ బాగానే ఉంది, పైన తొడుగు పాడవుతోంది. మీ ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే దాన్ని కొరుక్కు తింటున్నాయి. అందుకని బుర్ర చెప్పింది చేతికి ఆలస్యంగా వెళ్తోంది."

"అంటే సిగ్నల్ వీకాండీ?" అన్నారు మా ఆయన.

"అంతే అనుకోండి."

"చెయ్యి తిరిగొస్తుందాండీ?" అన్నాను నేను.

"మందుకి లొంగుతుంది. కానీ ఇది తిరగబెట్టే రకం. మందు తగ్గించేటప్పుడు మళ్ళీ రావొచ్చు. వస్తే వెంటనే నాకు తెలియాలి, లేకపోతే చేతుల్లో మొదలైంది ఊపిరి దాకా వెళ్తుంది. చేతుల మీద ఒక కన్నేసి ఉంచండి, టీచరుగారూ."

"ఆయ్, అలాగేనండి" అన్నాం ముగ్గురం ఒకేసారి.

క్వార్టర్లీ పరీక్షలప్పుడు

ఆస్పత్రిలో ఉన్న రోజుల గురించి రాయను. సూదులూ సీసాలూ అందరికీ తెలిసినవే. ఇంటికి తెచ్చి వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టేరు. అన్నం మా అత్తగారు కలిపి ముద్దలు పెట్టేవారు. నలభై నాలుగేళ్ళ కోడలికి నోట్లో ముద్ద పెడుతుంటే ఆవిడకి ఏమీ అనిపించలేదేమో గానీ నాకు మాత్రం సిగ్గుతో ముద్ద దిగేది కాదు. ముద్ద చేసుకోవడం ఎంత పనో మీరెప్పుడైనా చూసేరా? నాలుగు వేళ్ళు దగ్గరికి రావాలి, బొటనవేలు తొయ్యాలి. కంచంకేసి చూస్తూ, ఇన్నాళ్ళూ ఇది ఎలా చేసేనా అని ఆశ్చర్యపోయేదాన్ని.

పరామర్శకి వచ్చేవాళ్ళకి లెక్కలేదు. బ్రెడ్డు ప్యాకెట్లు, హార్లిక్సు సీసాలు, మా ఎదురింటి సుబ్బలక్ష్మిగారి తోటలో బొండాలు. ఆవిడ వీరేశ్వరస్వామి విభూతి కూడా తెచ్చేరు. "అది పెళ్ళి కానివాళ్ళు మొక్కుకునే గుడి కదండీ, దీనికి అయిపోయిందిగా" అన్నారు మా అత్తగారు. అన్నారే గానీ, ఆ పొట్లాన్ని జాగ్రత్తగా బైబిలు పక్కన పెట్టేరు. వచ్చిన ప్రతివాళ్ళూ "ఎలా ఉంది?" అనేవారు. "బావుందండి, మీ దయవల్ల" అనేదాన్ని. మా వైపు అలా అనకపోతే తప్పు. లేదు, బాగోలేదు అని అంటే వచ్చినవాళ్ళని చెంపమీద కొట్టినట్టే.

అలాంటప్పుడు మా ఆయన ఆ వీడియో గేము పట్టుకొచ్చేరు. మస్కట్ నుంచి వచ్చేసిన ఒక కేబుల్ కస్టమరు అమ్మేస్తుంటే తీసుకున్నారట. పెద్ద నల్లపెట్టె ఒకటి, అరచేతికి కొంచెం పెద్దగా ఉండే చిన్నపెట్టె ఒకటి. పెద్దది హాల్లో టీవీ పక్కన పెట్టేరు. చిన్నది నా చేతుల్లో పెట్టి, బొటనవేళ్ళు బటన్ల మీద పెట్టేరు. దాని తెర మీద పైనుంచి ఇటుకలు పడుతున్నాయి. తిప్పి, పక్కకి జరిపి వరస పూర్తి చేస్తే ఆ వరస మాయమైపోతుంది.

"ఆట ఇందులో ఉందా?" అన్నాను.

"లేదు రత్నం, అదే తమాషా. ఆట హాల్లో ఉంది. నీకొచ్చేది బొమ్మ మాత్రమే. నువ్వు ఇక్కడ నొక్కింది గాల్లోంచి హాల్లోకి వెళ్తుంది, అక్కడ ఇటుక తిరుగుతుంది, తిరిగింది మళ్ళీ నీకు కనబడుతుంది."

నేను ఆయన మొహంకేసి చూసేను. "ఏవండీ, మరి నా జబ్బూ ఇదేగా?"

ఆయనకి కళ్ళలో నీళ్ళొచ్చేయి. నాకు రాలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి మూడు నెలల్లో మొదటిసారి నాకు హుషారొచ్చింది. బుర్ర హాల్లో ఉంది, చెయ్యి వెనక గదిలో ఉంది, మధ్యలో ఏదో కనబడకుండా వెళ్ళొస్తోంది! పాఠం చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ రోజంతా నా ప్రశ్నలతో ఆయన్ని చంపేసేను. తలుపేస్తే ఆగుతుందా? ఆగలేదు. మధ్యలో మనిషి నిలబడితే? కొంచెం తడబడింది. కరెంటు పోతే? చేతిలోది వెలుగుతూనే ఉండేది గానీ ఆట ఉండేది కాదు. హాల్లో మా అత్తగారు టీవీలో సీరియల్ చూసుకుంటుంటే, పక్కనే ఆ నల్లపెట్టె కిక్కురుమనకుండా నాకోసం ఇటుకలు వేస్తుండేది.

ఒకటి మాత్రం ఉంది. నొక్కేక ఇటుక తిరగడానికి కొంచెం ఆలస్యం అవుతుంది. "అది ఎప్పుడూ ఉండేదే, గాల్లోంచి వెళ్ళి రావాలి కదా" అన్నారు మా ఆయన. నా చిక్కంతా ఆ కొంచెంతోనే వచ్చింది.

హాఫియర్లీ ముందు

మొదట్లో బటను దిగడమే గగనం. తరవాత తరవాత బొటనవేళ్ళు మాట వినడం మొదలెట్టేయి. వరసలు మాయమవుతుంటే పిల్లలా కేరింతలు కొట్టేదాన్ని. గ్లాసు పట్టుకున్నాను. గోడ పట్టుకుని దొడ్లోకి నడిచేను. ఒకరోజు ముద్ద నేనే చేసుకున్నాను, గుండ్రంగా రాలేదు గానీ నోటిదాకా వచ్చింది. మా అత్తగారు ఆ సాయంత్రం వీధిలో అందరికీ చెప్పొచ్చేరు.

కాకినాడ వెళ్తే డాక్టరుగారు సంతోషించేరు. "బావుందా టీచరుగారూ?" అన్నారు. "ఆయ్, బావుందండి, మీ దయవల్ల" అన్నాను. అప్పుడు అది నిజమే. ఆయన మాత్రలు తగ్గించేరు.

రెండోసారి వెళ్ళినప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు. నా వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కమన్నారు. పెద్దాయన అంత ఆప్యాయంగా చెయ్యి చాపితే మెత్తగా నొక్కుతామా? ఒంట్లో ఉన్న బలమంతా తెచ్చి నొక్కేను. "శభాష్" అన్నారు. మాత్రలు ఇంకా తగ్గించేరు. తిరిగొస్తూ కారులో చెయ్యి వణుకుతుంటే పమిట కింద దాచుకున్నాను.

ఆ తరవాత ఇటుకలు మొరాయించడం మొదలెట్టేయి. నొక్కుతున్నాను, తిరగట్లేదు. తిరిగేసరికి కిందకొచ్చేసి అడ్డంగా పడుతోంది. "ఏవండీ, మీ పెట్టె మొద్దుబారింది" అన్నాను. ఆయన పెట్టెని తీసి దుమ్ము దులిపి, హాల్లోంచి నా గది కిటికీ దగ్గరికి మార్చేరు. "ఇప్పుడు చూడు" అన్నారు. అలాగే ఉంది. "సిగ్నలే అయ్యుంటుంది" అన్నారు. నాకూ అదే అనిపించింది. అలా అనుకోవాలనీ ఉంది.

కానీ నా బుర్ర ఊరుకోదు కదండీ. పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పేను, ఒక మొక్కకి ఎండ పెట్టి చూస్తే చాలదు, పక్కన ఎండ లేని మొక్క కూడా ఉండాలి అని. పెట్టె మొద్దుదైతే ఎవరు ఆడినా మొద్దుగానే ఉండాలి. నా చేతులు మొద్దువైతే నాకొక్కదానికే ఉండాలి. మరి జబ్బులేని చేతులు కావాలి. మా ఆయన వైర్లు తెగేయని పొద్దస్తమానం తిరుగుతుంటారు. మిగిలింది మా అత్తగారు.

"నాకెందుకమ్మా ఈ వయసులో" అంటూనే కళ్ళజోడు పెట్టుకుని మంచం అంచున కూర్చున్నారు. నేర్పించేను. నేనొక ఆట, ఆవిడొక ఆట. నేను ఆడినంతసేపు ఆవిడ "భలే భలే" అన్నారు. ఆవిడ వంతు వచ్చేసరికి ఇటుకలన్నీ కుప్పలా పడిపోయి ఆట తొందరగా ముగిసింది.

"నొక్కగానే తిరుగుతోందా అత్తయ్యగారూ?"

"ఎక్కడమ్మా! ఇది ఒట్టి మొద్దు. నా ప్రాణం తీస్తోంది."

అప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. పెట్టెదే తప్పు! నా చేతులు బాగానే ఉన్నాయి! తరవాత రోజుల్లో మళ్ళీ మళ్ళీ ఆడించేను. ప్రతిసారీ ఆవిడే ఓడిపోయేరు. కళ్ళ ముందున్న నిజం, ఇంకేం కావాలి? సుబ్బలక్ష్మిగారొచ్చి "చేతులెలా ఉన్నాయి?" అంటే, "చేతులకేం, రాయిలా ఉన్నాయి. మా ఆయన తెచ్చిన పెట్టే బాగోలేదు" అని నవ్వేను. అప్పటికి జాకెట్టు హుక్కులు మళ్ళీ అత్తగారే పెడుతున్నారు. చలికాలం కదా, వేళ్ళు బిగుసుకుంటున్నాయి అనుకున్నాం.

చలి తగ్గేక

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యేక కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి పక్కన చిన్నపెట్టె లేదు. హాల్లోంచి ఎవరినో తిడుతున్నట్టు గొంతు వినబడుతోంది. గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం దాకా వెళ్ళేను.

సీరియల్లో ప్రకటనలు వస్తున్నాయి. మా అత్తగారు వాలుకుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని, చిన్నపెట్టె కళ్ళజోడు దగ్గరికి పెట్టుకున్నారు. ఆవిడ భుజం మీదుగా ఆ తెర నాకు కనబడుతోంది. "రావే ముదనష్టపుదానా, ఇటు తిరుగు. ఆఁ, అలాగ. నువ్వు ఆ మూలకి పో, నీకక్కడ పనిలేదు." వంకాయలు తరిగినంత చకచకా కదులుతున్నాయి ఆవిడ బొటనవేళ్ళు. నొక్కడమే తడవు ఇటుక తిరుగుతోంది. వరస మీద వరస మాయమైపోతోంది. నేనెప్పుడూ చూడని వేగంలో పడుతున్నాయి ఇటుకలు. ఒక్కటి కూడా తప్పట్లేదు ఆవిడకి.

అంటే పెట్టె మొద్దుది కాదు.

"అత్తయ్యగారూ."

ఆవిడ ఉలిక్కిపడి పెట్టెని పమిటలో దాచేసుకున్నారు. "అదీ... ఊరికే... సీరియల్లో ప్రకటనలొస్తుంటేనూ..."

"మీకింత బాగా వచ్చా? మరి నా దగ్గర ఓడిపోయేరేంటి?"

"ఓడిపోక? మంచం మీదున్న పిల్లని ఓడించమంటావా? నేను గెలిస్తే నీ మొహం చిన్నబోదూ? నువ్వలా నవ్వుతుంటే నాకెంత బావుండేదో తెలుసా?"

"నేను ఆట కోసం ఆడించలేదండీ! పెట్టె మొద్దా, నా చేతులు మొద్దా అని చూడ్డానికి ఆడించేను! మీరు మొద్దు అన్నారు కదా!"

"నువ్వు అలా ఆశగా అడిగితే ఏమంటానమ్మా!"

నేను అరిచేను. పాతికేళ్ళ కాపరంలో ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదలు. "నన్ను చంపేద్దామనుకున్నారా?" అనేసేను కూడా. ఆవిడ మొహం పాలిపోయింది. కేకలు విని మా ఆయన మేడ మీద నుంచి పరిగెత్తుకొచ్చి, ఏమైందో తెలియక తల్లి మీద అరిచేరు. ఆవిడ వంటింట్లోకెళ్ళి తలుపేసుకుని ఏడుస్తున్నారు. నేను గుమ్మంలో కూలబడి ఏడుస్తున్నాను. మా ఆయన మధ్యలో నిలబడి టీవీకేసి చూస్తూ, "సౌండు ఎక్కువుంది" అని తగ్గించేరు.

ఏడిచీ ఏడిచీ అలిసిపోయేక బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. ఆవిడ ఏం చేసేరు? నా మొహం చిన్నబోతుందని, బాగోలేనిదాన్ని బావుందన్నారు. మరి నేను చేసిందేంటి? డాక్టరుగారు అంత ఆప్యాయంగా "బావుందా" అంటే, ఆయన మొహం చిన్నబుచ్చకూడదని "ఆయ్, బావుందండి" అన్నాను. వేళ్ళు వణుకుతున్నా ఉన్న బలమంతా తెచ్చి నొక్కేను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, ఆయనా సంతోషం, మేమూ సంతోషం. మధ్యలో మాత్రలు తగ్గిపోతున్నాయి, చేతులు పోతున్నాయి. అత్తాకోడళ్ళం ఒకళ్ళని మించినవాళ్ళు ఒకళ్ళం!

లేచి వంటింటి తలుపు కొట్టేను. "అత్తయ్యగారూ, రేపు మీరు కూడా కాకినాడ రావాలి."

లోపల్నుంచి, "ఇడ్లీలు వెయ్యనా దారిలోకి?" అని వినబడింది.

మర్నాడు

యానాం దాటేక మా ఆయన, "మెల్లగా చెప్పు. ఆయనకి కష్టం కలగకుండా చెప్పు" అన్నారు. ఆ ఆస్పత్రి టీవీలో బొమ్మ ఇంకా అలాగే గ్రెయిన్స్ కొడుతోంది. కుర్చీలో కూర్చుని నేను జవాబు వల్లె వేసుకున్నాను. ఊపిరి గట్టిగా పీల్చి చూసుకున్నాను, అక్కడిదాకా వచ్చిందా లేదా అని. వచ్చిందో లేదో తెలియలేదు, అదింకా భయం. మా అత్తగారు నా చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఊరికే నిమురుతూ కూర్చున్నారు.

లోపలికి వెళ్ళేం. డాక్టరుగారు నవ్వుతూ తలెత్తేరు. "రండి టీచరుగారూ. బావుందా?"

నోటి చివర "ఆయ్" వచ్చేసింది. వచ్చి అక్కడ నిలబడిపోయింది. పెద్దవాళ్ళు అడిగినదానికి కాదని చెప్పడం నా నాలుకకి అలవాటు లేదు.

"లేదండి" అన్నాను.

మా ఆయన తట్టుకోలేకపోయేరు. "అంటే సార్, మీ మందు మంచిదేనండి, మీరు చాలా బాగా చూసేరండి, కొంచెం చలివల్ల..."

"నోర్ముయ్యరా, దాన్ని చెప్పనీ" అన్నారు మా అత్తగారు.

చెప్పేను. బాగోలేదండి. హుక్కులు పెట్టుకోలేకపోతున్నానండి. ముద్ద మళ్ళీ రావట్లేదండి. కిందటిసారి మీ వేళ్ళు నొక్కింది నిజం బలం కాదండి, మీరు బాధపడతారని తెచ్చిపెట్టుకున్నానండి. పెట్టె సంగతి, ఇటుకల సంగతి, అత్తగారు ఓడిపోయిన సంగతి అన్నీ చెప్పేను. చెప్తుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పేను.

ఆయన కలం కింద పెట్టేసేరు. నా చేతుల్ని తిప్పి చూసేరు, సుత్తి తీసి కొట్టేరు, ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమన్నారు. అవన్నీ అయ్యేక నావైపు తిరిగేరు.

"ఇంకొంచెం ఆలస్యమైతే మిమ్మల్ని మెషీను మీద ఊపిరి తీయించాల్సొచ్చేదమ్మా."

"క్షమించండి."

"మీరెందుకు? 'బావుందా' అని అడిగింది నేనే. ఆ ప్రశ్నకి మన వైపు ఎవరైనా ఇంకో జవాబు చెప్తారా?" అన్నారు. తరవాత మా అత్తగారివైపు తిరిగి, "మీరు ఆ ఆటలో నిజంగా అంత గట్టివారాండీ?" అని అడిగేరు. ఆవిడ సిగ్గుపడిపోయి, "ఏదో లెండి" అన్నారు.

ఆ రోజే చేర్చుకున్నారు. మందు పెంచేరు. ఆ తరవాత ఎప్పుడు వెళ్ళినా ఆయన నన్ను బావుందా అనలేదు. "ఏ పని చెయ్యలేకపోతున్నారు?" అనేవారు. ఆ ప్రశ్నకి నేను గడగడా చెప్పేసేదాన్ని. నా తరవాత వచ్చేవాళ్ళనీ అలాగే అడుగుతున్నారని కాంపౌండరు చెప్పేడు. మిమ్మల్ని మీ డాక్టరు అలా అడక్కపోతే, అడిగేరనుకుని చెప్పేయండి. నేను రాద్దామనుకున్న మందు ఇదే.

ఎండాకాలం, మళ్ళీ బడి

ఇంటికొచ్చిన రోజే మా అత్తగారితో ఒప్పందం చేసుకున్నాను. రోజూ చెరో ఆట. మర్యాదలు లేవు. ఓడిపోవాలని ఆడితే ఆ పూట నేను అన్నం తినను.

"మరి ఏడవకూడదు" అన్నారావిడ.

"ఏడవను."

ఓర్నాయనో, ఎలా ఓడించేరండీ! జాలీ దయా లేదు. ఎండాకాలమంతా, కరెంటున్నంతసేపూ, రోజూ ఓడించేరు. "నీదైపోయింది. ఇటివ్వు" అనేవారు. మొదటి వారం నిజంగానే దుప్పట్లో ఏడిచేను. తరవాత ఆవిడ గెలుపు చూడ్డం కోసమే ఎదురుచూసేదాన్ని, ఎందుకంటే ఆవిడకీ నాకూ మధ్య తేడా కొంచెం కొంచెంగా తగ్గుతోంది. అది ఎవరూ నా మొహం చూసి చెప్పిన మాట కాదు. ఎవరైనా "ఎలా ఉంది?" అంటే, "అత్తయ్యగారి చేతిలో ఓడిపోతున్నానండి, కానీ నిన్నటి కంటే ఆలస్యంగా" అనేదాన్ని. వాళ్ళకి అర్థమయ్యేది కాదు.

జూన్లో బడికి వెళ్ళేను. పదో తరగతి బోర్డు మీద గుండె గీసేను. ఒకచోట గీత వంకర పోయింది, సుద్దముక్క మాత్రం పడలేదు. వెనక బెంచీ పిల్ల, "బావుందండీ టీచర్" అంది. "నిజం చెప్పవే" అన్నాను. "కొంచెం కింద వంకరుందండీ" అంది. ఆ పిల్లని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలకి ముందు ఒక ఆట వేసుకుందామని కూర్చున్నాం. ఆవిడ మొదలెట్టేరు. బాగానే ఆడేరు, ఎప్పటిలాగే. నా వంతు వచ్చింది. ఇటుకలు పడుతున్నాయి, నొక్కుతున్నాను, తిరుగుతున్నాయి. ఎంత ఆడేనో తెలియదు. పక్కన ఆవిడ మాట్లాడ్డం ఎప్పుడు ఆపేసేరో కూడా తెలియదు. ఆట ముగిసేక చూస్తే, తెర మీద నా లెక్క ఆవిడ లెక్కని దాటి పైన ఉంది.

"అత్తయ్యగారూ, మీరేమైనా..."

"నేనేం చెయ్యలేదు. ఎండకి కళ్ళు బైర్లు కమ్మేయి. పొద్దున్న కాఫీ కూడా సరిగ్గా పడలేదు. అసలీ బటన్లు అరిగిపోయేయి." చిన్నపెట్టెని మంచం మీద ఠపీమని పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయేరు. గిన్నెలు చప్పుడయ్యేయి. భోజనాల దగ్గర కంచాలు పెట్టేరు గానీ నాకేసి చూడలేదు. చేపల పులుసు మా ఆయనకి రెండుసార్లు వడ్డించేరు, నాకు గరిటె దూరం నుంచి ఒక్కసారి పోసేసి పోయేరు.

మా ఆయన గుమ్మంకేసి చూసి, గొంతు తగ్గించి అడిగేరు. "ఏవైంది? అమ్మ అలా ఉందేంటి?"

నేను అన్నం కలిపి ముద్ద చేసుకున్నాను. గుండ్రంగానే వచ్చింది.

"నాకు తగ్గిపోయిందండీ" అన్నాను.